4096 పేలికల్లో నాన్న చొక్కా

ముందే చెప్తున్నా, నాకు బొమ్మలు గీయడం రాదు. కానీ ఎవరైనా కంప్యూటర్లో లెక్కలేసి బొమ్మ చేశారంటే మాత్రం ఆగలేను. అలా తగిలాడు గెర్హార్ట్ రిష్టర్ అనే జర్మన్ చిత్రకారుడు. 1990లో తనే వేసిన ఒక నైరూప్య చిత్రం ఫోటో తీసుకుని, 2011 నాటికి దాన్ని కంప్యూటర్లో నిలువునా రెండు ముక్కలు, నాలుగు, ఎనిమిది... అలా పన్నెండు విడతల్లో 4096 దాకా కోసుకుంటూ పోయాడు. ఒక్కో పేలికనీ అద్దంలోలా తిప్పి, మళ్ళీ మళ్ళీ పక్కనే అతికించాడు. మధ్యలో తివాచీ అంచుల్లాంటి డిజైన్లు వస్తాయి. చివరికి మిగిలేవి అడ్డచారలే. వాటిని ప్రింటు తీసి, అల్యూమినియం పలకకీ యాక్రిలిక్‌కీ మధ్య బిగించాడు. కుంచె ముట్టలేదు!

"ఇంతేనా, ఇరవై లైన్ల పైథాన్" అనుకున్నా. మనవాళ్ళెవరైనా అనుకునేదే లెండి.

మా ఇంట్లో నాన్నది ఒకే ఒక్క కలర్ ఫోటో ఉంది, ఎనభైల్లో తీసింది. వెల్ల వేసిన గోడ ముందు చొక్కా, పంచెతో నిలబడి ఉంటారు. ఆయన పోయి తొమ్మిదేళ్ళు. ఫోటో కూడా పోతోందని స్కాన్ చేసి, వెడల్పు సరిగ్గా 4096 పిక్సెళ్ళకి తెచ్చా. ఎనిమిది ముక్కల దగ్గర నాన్న ఇంకా ఉన్నారు. ముప్ఫైరెండు దగ్గర ఒక చెవి, కొంచెం భుజం. ఆఖర్న ఒక్క పిక్సెల్ వరస. కోడ్ అరగంటలో అయిపోయింది గానీ, 4096 వరసల్లో ఏది ఉంచాలో తేల్చుకోవడానికి రెండు వారాలు పట్టింది. రిష్టర్ పని అక్కడుందని అప్పుడు గానీ అర్థం కాలేదు. చొక్కా జేబు మీదుగా పోయే వరస ఉంచా.

ప్రింటు విషయంలో కక్కుర్తి పడలేదు. పిగ్మెంట్ ఇంకు, ఆమ్లం లేని నూలు కాగితం. (దీన్నే గేలరీల వాళ్ళు 'జిక్లే' అంటారు. ఇంక్‌జెట్ అంటే ధర పలకదు కదా.) ఎండ తగలకుండా చూసుకుంటే మా మనవలు కూడా చూస్తారు.

అమ్మకి చూపించా. "చాపలా ఉంది. మీ నాన్నేడిరా ఇందులో?" అంది. చెప్పా. గోడ, చొక్కా, పంచె, మట్టి. వేలితో మెల్లగా ఒక్కో చార దాటుకుంటూ వచ్చి, మధ్యలో ఆగింది.

"ఇది చొక్కానా? వంకాయ రంగులో ఉందేంటి? ఆ చొక్కా నీలం రా. నేనే కొన్నా."

ఆనాటి కలర్ ప్రింట్లలో చాలావాటికి ముందు వెలిసిపోయేది సయాన్ రంగే, అందుకే పాత ఫోటోలు ఎర్రబడతాయి. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసీ, వెలిసిపోయిన రంగుని వందేళ్ళు చెక్కుచెదరకుండా ఉండే కాగితం మీద భద్రంగా దింపుకొచ్చా.

ఇప్పుడు రోజూ రాత్రి భోజనాలయ్యాక అమ్మ నా పక్కన కూర్చుంటుంది. నేను స్లైడర్ జరుపుతుంటా. "ఇంకొంచెం... అబ్బే, అంత కాదు. ఉతికి ఉతికి కాస్త వెలిసిన నీలం."

పదకొండో వర్షన్ నడుస్తోంది. అప్రూవల్ ఇంకా రాలేదు.