కాళి చిందుకు ఏ దరువు?

భయపెట్టే వేషానికి ఎలాంటి పాట కావాలి? తెలుసుకోవాలంటే దసరాకి బందరు రండి. వీపున పెద్ద శక్తిపటం, ముఖాన కాళి ముఖం, ఎదురుగా డప్పులు. ఇక ఊరంతా కోనేరు సెంటరులోనే!

గుంపులో నా పక్కన గుడివాడ కుర్రాడొకడు "'చంద్రముఖి' పాట పెడితే అదిరిపోదూ?" అన్నాడు. 2005 నాటి పాట దాకా ఎందుకు, వాళ్ళ వైపు చౌటపల్లిలో పుట్టిన ఘంటసాల 1951లోనే 'పాతాళభైరవి'కి సంగీతం కట్టారు కదా!

ఏ పాటైనా రికార్డు తన దారిన తాను పోతుందండీ. ముఖం వెనక మనిషికి ఊపిరాడకపోయినా ఆగదు. అందుకే నా ఓటు డప్పుకే. డప్పు కొట్టేవాళ్ళు కాళి పాదాలనే కనిపెట్టుకుని ఉంటారు. విజృంభిస్తే దరువు పెంచుతారు. తూలితే, పటం నిలదొక్కుకునేదాకా తగ్గిస్తారు.