వీణల ఊరి నుంచి టాటా ఇన్‌స్టిట్యూట్‌కి

బొబ్బిలి అనగానే అందరూ 1757 నాటి యుద్ధం గురించే అడుగుతారు. మాకు మాత్రం చిన్నప్పట్నుంచీ బాగా తెలిసింది పక్కనున్న గొల్లపల్లిలో పనస దుంగ మీద ఉలి చప్పుడు. మా అమ్మాయిని బెంగళూరులో దింపడానికి బయల్దేరే ముందు అక్కడికే వెళ్లి చిన్న బహుమతి వీణ ఒకటి కొన్నాను.

"అమ్మాయికి ఉద్యోగం వొచ్చిందేటి మాస్టారూ?" అన్నాడు వీణ చెక్కే పెద్దాయన.

"చదువే. ఇంకో అయిదేళ్లు" అన్నాను ముభావంగా.

ఉన్నమాట చెప్పాలంటే నాకిది ఇష్టం లేదు. చేతికొచ్చిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదులుకుని, మెకానికల్ ఇంజనీరింగ్‌లో శబ్దం, కంపనాల మీద పీహెచ్‌డీ చేస్తానంది. నెలకి 37 వేలు ఫెలోషిప్ ఇస్తారని చెప్పినా వారం రోజులు దాంతో సరిగా మాట్లాడలేదు. పెళ్లెప్పుడని చుట్టాల గోల ఒకటి.

విజయనగరంలో రైలెక్కి మర్నాడు బెంగళూరు చేరాం. ఆటో అతనికి 'ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్' అని చెబితే, "టాటా ఇన్‌స్టిట్యూటా?" అన్నాడు. నూరేళ్లు దాటినా ఊరి జనం నోట ఆ పేరే! మన దేశంలో పరిశోధనకో పెద్ద సంస్థ ఉండాలని కలగన్న జంషెడ్‌జీ టాటా 1904లోనే పోయారు. సంస్థ 1909లో ఏర్పడింది. మైసూరు రాజుగారు 371 ఎకరాలిచ్చారు. 1911లో మొదటి విద్యార్థులు చేరారు.

గేటు దాటగానే ఊరి రొద వెనకబడిపోయింది. రోడ్డుకి అటూ ఇటూ పెద్ద పెద్ద చెట్లు, సైకిళ్ల మీద పిల్లలు. బూడిదరంగు రాతి భవనం ముందు టాటా విగ్రహం. రసాయనశాస్త్రం, విద్యుత్ సాంకేతికతలతో మొదలైన చోట ఇప్పుడు విమానాల నమూనాలను పరీక్షించే గాలి సొరంగాలున్నాయి, జీవకణాల మీద పనిచేసే ల్యాబులున్నాయి. శ్రీహరికోట కేంద్రానికి పేరిచ్చిన సతీశ్ ధావన్ ఇక్కడ డైరెక్టరుగా చేసినవారే. ఆయనకి ముందు, 1957 నుంచి 1962 దాకా ఆ కుర్చీలో కూర్చున్నది మన సూరి భగవంతం గారు. కృష్ణా జిల్లాలో పుట్టి, మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఫిజిక్స్ చెప్పినాయన.

చెట్టు కింద అరుగు మీద కూర్చున్నాక అమ్మాయి నా సంచిలోంచి వీణ తీసింది. "నాన్నా, సి.వి.రామన్ గారు దీని మీద కూడా పరిశోధన చేశారు, తెలుసా?" అంది.

నాకు తెలీదు. విశాఖలో చిన్నతనం గడిపిన రామన్ గారు 1921లో వీణ, తంబురల మీద పరిశోధనా పత్రం రాశారట. తీగను ఒకానొక చోట మీటితే కొన్ని అనుస్వరాలు వినపడకూడదని పాత సూత్రం. మన వాద్యాల్లో అవీ వినపడతాయి. తీగలు ఆనే గుర్రం పైభాగం వంపుగా ఉండటమే దానికి కారణమని ఆయన చెప్పారు. 1933లో ఈ సంస్థకి తొలి భారతీయ డైరెక్టరయిందీ ఆయనే.

"అంత గొప్పాయనే ఆ ఏడాది కమలా సొహోనీ అనే అమ్మాయిని ఆడపిల్లని చేర్చుకోనన్నారు. ఆవిడ పట్టు వదల్లేదు. షరతులు పెట్టి చేర్చుకోక తప్పలేదు. తర్వాత కేంబ్రిడ్జిలో డాక్టరేట్ తీసుకుంది" అంది, నా వంక చూడకుండా. వారం రోజులు నేను ముఖం ముడుచుకు తిరిగింది ఎక్కడ గుచ్చాలో అక్కడ గుచ్చింది. ఏమీ అనలేకపోయాను. హాస్టలు దాకా దాని పెట్టె నేనే మోశాను.

తిరిగొచ్చాక గొల్లపల్లి వెళ్లి పెద్దాయనకి రామన్ గారి సంగతి చెప్పాను. ఆయన ఉలి పక్కన పెట్టి, గుర్రం మీది రేకుని బొటనవేలితో ఓసారి నిమిరాడు.

"ఈ వంపు మా తాత నేర్పాడు మాస్టారూ. ఇంతుండాలని చెప్పాడు గానీ ఎందుకుండాలో చెప్పలేదు. అమ్మాయి పండక్కొస్తాది కదా? ఓసారి ఇటు పంపండి. అడగాల్సినవి చాలా ఉన్నాయి."

సంక్రాంతికి టికెట్ అప్పుడే తీసేశాను.