మాదిపాడు రేవులో తెగిన గాలం

ఫిబ్రవరిలో క్రోసూరు వెళ్తే ముందుగా పలకరించేది మనుషులు కాదు, మిరప ఘాటు! పల్నాడు జిల్లాలోని ఈ మండల కేంద్రం చుట్టూ ఎటు చూసినా కల్లాలే. ఎర్ర దుప్పట్లు పరిచినట్టు కాయలు. బస్సు దిగి నాలుగు తుమ్ములు తుమ్మేసరికి 'వచ్చావా అల్లుడూ' అంటూ మావయ్య ఎదురొచ్చాడు. నేను వెళ్లింది మిరప రైతుల గురించి రాయడానికి. రాసింది మాత్రం ఇది.

మా మావయ్యకి పగలు పొలం, రాత్రి గాలం. కల్లం కాపలా వంతు లేని రోజు నిద్రపోడు. బండి తీస్తాడు. అచ్చంపేట మీదుగా మాదిపాడు... అక్కడ కృష్ణ ఒడ్డు. ఆ రాత్రి వెనక సీట్లో నేనూ ఉన్నాను.

ఈ గట్టున మాదిపాడు, ఆ గట్టున ముక్త్యాల. నాగార్జునసాగర్ ప్రాజెక్టు కోసం పట్టుబట్టి తిరిగిన రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్‌ది ఆ ఊరే. పగలైతే బల్లకట్టు రేవు సందడిగా ఉంటుంది. రాత్రి ఆ ఒడ్డున నాలుగు దీపాలు, ఈ ఒడ్డున మా ఇద్దరి బీడీ నిప్పు (సరే, మావయ్య ఒక్కడిదే లెండి). ఎగువన పులిచింతల ప్రాజెక్టు. 2013లో ప్రారంభమైన ఆ జలాశయంలో 45.77 టీఎంసీలు పడతాయి. అక్కడ నీళ్లు వదిలితే ఇక్కడ మట్టం పెరుగుతుంది. అందుకే మావయ్య రాగానే ఒడ్డున ఓ పుల్ల గుచ్చాడు. తడి ఎంతవరకు ఎక్కిందో దాన్ని చూసి తెలుసుకుంటాడట.

ఆయన గాలానికి కర్ర లేదు. ఖాళీ సీసాకి చుట్టిన నైలాన్ దారం, చివర సీసం గుండు, వేలంత కొక్కెం. దానికి బతికున్న పరిగె. ఎందుకంటే ఆయన ఎదురుచూసేది వాలుగ కోసం. పొలుసు లేని ఒళ్లు, చెవులదాకా చీలినట్టుండే నోరు, లోపలంతా పళ్లు. పగలు లోతుల్లో పడుకుని రాత్రి వేటకొస్తుంది. మనిషంత పొడవు పెరగగలదు. ముళ్లు తక్కువ కాబట్టి పులుసుకి గిరాకీ. ఆ గిరాకీ వల్లే కాబోలు, ప్రపంచవ్యాప్తంగా ముప్పులో ఉన్న జాతుల జాబితాకెక్కింది.

'మీ బావ కూడా అక్కడ ఇదే పని' అన్నాడు మావయ్య. బావ న్యూజెర్సీలో సాఫ్ట్‌వేర్. శరదృతువులో రాత్రిళ్లు అట్లాంటిక్ అలల్లో నడుం లోతున నిలబడి చారల బాస్ కోసం గాలం వేస్తాడు. ఒంటి మీద గీతలు గీసినట్టుండే ఆ చేప మన పులసలాంటిదే. సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి నదికెక్కుతుంది. 2011లో కనెక్టికట్ తీరంలో చిక్కినది 37 కిలోలు తూగి ప్రపంచ రికార్డయింది. 2024 నుంచి ఆ తీరంలో సరదాకి పట్టేవాళ్లు 28 నుంచి 31 అంగుళాల చేపనే ఇంటికి తీసుకెళ్లాలి. అంతకు పెద్దదైతే వదిలేయాల్సిందే. ఈమధ్య ఓ పెద్దది బావ దారం తెంపుకుని పోయిందట. 'రెండ్రోజులు అన్నం తినలేదంట ఎదవ' అని మావయ్య నవ్వాడు.

పన్నెండు దాటాక సీసా నా చేతికిచ్చి, 'లాగితే ఇవ్వు, ఆగితే లాక్కో. దారం చేతికి మాత్రం చుట్టుకోమాక' అని చెప్పి టీ ఫ్లాస్కు కోసం బండి దగ్గరికెళ్లాడు.

అప్పుడే పడింది! సీసా గిర్రున తిరిగింది. దారం వేళ్ల మధ్య నుంచి కాలుస్తూ పోతోంది. ఆపాలనిపించింది. రెండు చుట్లు అరచేతికి వేశాను.

ఆ తర్వాతిదంతా అర నిమిషం. లాగింది చేప అనిపించలేదు, ఎద్దు అనిపించింది. మోకాటి లోతు, తొడ లోతు... తర్వాతి అడుగు కింద నేల లేదు. ఇసుక గోతులు నదిలో ఎక్కడుంటాయో ఎవరికి తెలుసు? గడ్డం దాకా నీళ్లొచ్చాక విప్పుదామన్నా చుట్లు ఊడవు. వెనక నుంచి చొక్కా కాలర్ బిగుసుకుంది. ఎర కోసే చాకు ఒక్కసారి తళుక్కుమంది. దారం తెగింది.

ఒడ్డున చాలాసేపు ఇద్దరం మాట్లాడలేదు. 2021 డిసెంబరులో ఈ మాదిపాడు దగ్గరే స్నానానికి దిగిన ఐదుగురు వేద విద్యార్థులు, వాళ్ల గురువు మునిగిపోయారు. మావయ్య ఆ మాట ఎత్తలేదు. 'మీ అమ్మకేం చెప్పేవాణ్ణిరా' అన్నాడంతే. కాసేపటికి, 'కొత్త దారం' అని గొణిగాడు.

వచ్చేదారిలో బావకి ఫోన్ చేశాం. అక్కడింకా మధ్యాహ్నం. 'ఎంతుంటది నాన్నా?' అనడిగాడు ఆత్రంగా.

'కనపడితే గదా చెప్పడానికి!' అన్నాడు మావయ్య.

తెల్లారి కల్లంలో పని చూసుకుందామని నోట్‌బుక్కుతో దిగాను. తాలుకాయలు ఏరుతున్నవాళ్లతో మాటల్లో పడి నేనూ గుప్పెడు కాయలు తీశాను. అరచేతిలో దారం కోసిన గాటు సంగతి అప్పుడు గుర్తొచ్చింది. నా కేకకి కల్లమంతా తిరిగి చూసింది. వారం రోజులు అన్నం చెంచాతోనే తిన్నాను.