పెరటి చెట్టు

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని తెలుగువారి సామెత. అందులో చెట్టు తప్పేమీ లేదు. అదే ఆకును అడవి నుంచి ఎవరో మూటగట్టి తెచ్చి అమ్మితే మనిషి డబ్బిచ్చి కొంటాడు, చెప్పిన పథ్యం తు.చ. తప్పకుండా పాటిస్తాడు. పెరట్లో ఉన్నదానికి ఆ గౌరవం దక్కదు. దాని సంగతంతా తనకు తెలుసునన్న ధీమా అడ్డు వస్తుంది. మందుల విషయంలో ఈ ధీమా వల్ల కలిగే నష్టం కొద్దిపాటిది. విశ్వాసం విషయంలో ఆ నష్టం జీవితమంతటికీ విస్తరిస్తుంది.

సువార్తలలో ఇందుకు నిదర్శనం నజరేతు. యేసు తాను పెరిగిన ఆ ఊరికి వచ్చి, విశ్రాంతిదినాన సమాజమందిరంలో బోధించాడు. విన్నవారు మొదట విస్తుపోయారు. మరుక్షణంలోనే అతని వృత్తి ఏమిటో, తల్లి ఎవరో, అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ ఎవరెవరో ఒకరికొకరు గుర్తుచేసుకున్నారు. వారు చెప్పుకున్న వాటిలో అబద్ధం ఒక్కటీ లేదు. తెలిసిన నిజాలే తెలియవలసిన నిజానికి తలుపు మూశాయి. కొద్దిమంది రోగులను బాగుచేయడం తప్ప అక్కడ మరే అద్భుతానికీ తావు లేకపోయిందని మార్కు రాశాడు; అవిశ్వాసమే అందుకు కారణమని మత్తయి తేల్చాడు. యేసు ఆశ్చర్యపడినట్లు సువార్తలు రెండు సందర్భాలలోనే చెబుతాయి. ఒకటి నజరేతువారి అవిశ్వాసాన్ని చూసి, రెండవది కపెర్నహూములోని రోమా శతాధిపతి విశ్వాసాన్ని చూసి. శాస్త్రాలు వింటూ పెరిగిన ఊరు నమ్మలేకపోయింది. పరాయి సైనికుడు నమ్మాడు.

ఈ వృత్తాంతం బస్తర్‌లో చదివితే మరింత బరువుగా తోస్తుంది. జగదల్‌పూర్‌కు సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, చిత్రకోట్ వద్ద, ఇంద్రావతి నది గుర్రపునాడా ఆకారంలో లోయలోకి దూకుతుంది. వానాకాలంలో ఆ హోరు విని యాత్రికులు నిలబడిపోతారు. ఒడ్డునే పుట్టి పెరిగినవారికి అది గొంతు కాస్త పెంచి మాట్లాడవలసిన చోటు, అంతే. అదే జగదల్‌పూర్‌లో ‘లాల్ చర్చి’ అని పిలిచే ఎర్రటి మెథడిస్టు ఆలయం ఉంది. దానికి పెట్టిన చందయ్య పేరు తెలుగు చెవికి పరిచయమైనదే. తెలుగు సీమలో పనిచేసిన అమెరికన్ మిషనరీ సి. బి. వార్డ్ పంతొమ్మిదో శతాబ్దం చివరి దశాబ్దంలో ఇక్కడ మెథడిస్టు సేవకు పునాది వేశాడు. అంటే నూరేళ్ళు దాటింది, తరాలు మారాయి. మొదటి తరానికి పిడుగులా తాకిన మాట, నాలుగో తరానికి ఆదివారపు అలవాటుగా మిగలడం వింత కాదు. కీర్తన నోటికి వస్తుంది. అర్థం మనసుకు తగలదు. ఏ ఊళ్ళోనైనా, ఏ సంఘంలోనైనా జరిగేదే ఇది.

అయితే బస్తర్ పల్లెలలో ఈ అలవాటు కొనసాగడం సులభం కాదు. 2025 జనవరి 7న ఛిందవాడా గ్రామానికి చెందిన ఒక పాస్టరు మరణించాడు. మూడు తరాలుగా క్రైస్తవులైన కుటుంబం అది. ఊరిలో ఖననానికి గ్రామస్థులు ఒప్పుకోలేదు. కుమారుడు హైకోర్టుకు, ఆ పిదప సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. తండ్రి దేహం సుమారు మూడు వారాలు శవాగారంలోనే ఉండిపోయింది. జనవరి 27న ఇద్దరు న్యాయమూర్తులు భిన్నమైన తీర్పులు చెప్పారు. సొంత పొలంలో ఖననం చేసుకోవచ్చునని ఒకరు, నిర్దేశించిన శ్మశానంలోనే జరగాలని మరొకరు అన్నారు. ఇంకా ఆలస్యం కాకూడదని, 20-25 కిలోమీటర్ల దూరంలోని కర్కపాల్ క్రైస్తవ శ్మశానవాటికలో ఖననం చేయాలని ఇద్దరూ కలిసి ఆదేశించారు.

ఆ కుటుంబం ఆ ఊరికి కొత్తది కాదు. అయినా అంతటి పరిచయం ఆరడుగుల నేలను ఇప్పించలేకపోయింది. ఇటువంటి ఘడియ ఎదురైనప్పుడు ఏ విశ్వాసి అయినా తనను తాను ఒక ప్రశ్న అడుగక తప్పదు: ఇది తాత ఇచ్చి పోయినదా, తాను ఎంచుకున్నదా? కష్టమే విశ్వాసాన్ని పుట్టిస్తుందనడం క్రూరమైన మాట. కష్టం ఎందరినో వెనక్కి మళ్ళిస్తుంది కూడా. కాని ఆ ప్రశ్నను అది వాయిదా వేయనివ్వదు. సుఖంగా సాగే సంఘంలో ఆ ప్రశ్న జీవితాంతం వాయిదా పడుతూనే ఉండవచ్చు.

ఇక్కడ అవిశ్వాసానికీ అతిపరిచయానికీ ఉన్న తేడా గమనించదగినది. జబ్బుపడిన కొడుకును తెచ్చిన తండ్రి ఒకడు, తనలో నమ్మకమూ అపనమ్మకమూ రెండూ ఉన్నాయని ఒకే ఊపిరిలో ఒప్పుకుని సాయం వేడుకున్నాడు. యేసు అతణ్ణి తిప్పి పంపలేదు. సందేహించేవాడు ఇంకా అడుగుతూనే ఉంటాడు. అంతా తెలుసుననుకున్నవాడికి అడగవలసినదేమీ కనిపించదు. నజరేతు ఏమీ అడగలేదు.

ఆ ఊరి కథ అంతటితో ముగిసిపోలేదు. సోదరులు సైతం యేసును నమ్మలేదని యోహాను దాచకుండా రాశాడు. వారిలో యాకోబు ఒకడు. పునరుత్థానం తర్వాత యేసు ఆ యాకోబుకు కనిపించాడని పౌలు కొరింథీయులకు రాశాడు. తర్వాతి కాలంలో యెరూషలేము సంఘానికి పెద్దగా నిలిచినవాడు అతడే. ఒకే ఇంట పెరిగి, ఒకే పంక్తిని భోజనం చేసిన అన్నను అతడు మళ్ళీ మొదటినుంచి పరిచయం చేసుకోవలసి వచ్చింది. క్రైస్తవ కుటుంబంలో పుట్టిన ప్రతి ఒక్కరికీ, జగదల్‌పూర్‌లోనైనా ఛిందవాడాలోనైనా, ఆ పని మిగిలే ఉంటుంది.