పాటకీ పాటకీ మధ్య నాన్న

సంక్రాంతికి ఎమ్మిగనూరు వెళ్లినప్పుడు అమ్మ బీరువాలోంచి ఓ రేకు డబ్బా తీసి నా ముందు పెట్టింది. పాత చీర ముక్కలో చుట్టిన నాలుగు డిస్కులు. మూడు అక్క పెళ్లి వీసీడీలు. నాలుగోది నాన్న ఆదోని బస్టాండు దగ్గర కొనుక్కొచ్చిన ‘మాయాబజార్’ డీవీడీ.

‘‘పేపర్లో పన్జేస్తావు గదా, వీటిని కంప్యూటర్లోకి ఎక్కియ్యలేవా?’’ అంది. అమ్మ లెక్కలో పేపర్లో పనిచేసేవాడికి రాని విద్య లేదు!

అక్క పెళ్లి 2004 మేలో ఎమ్మిగనూరులోనే జరిగింది. నాన్న అప్పుడు ఆదోనిలో ఓ పత్తి మిల్లులో గుమాస్తా. వీడియో తీసే అన్నని కూడా ఆదోని నుంచే మాట్లాడుకొచ్చాడు. 2011లో నాన్న పోయాడు. ఫొటోలు బోలెడున్నాయి. గొంతు మాత్రం ఎక్కడా లేదు. ఫోన్లో రికార్డు చేసుకునే అలవాటు మాకింకా రాని రోజులవి. ఉంటే గింటే ఆ మూడు డిస్కుల్లోనే ఉండాలి. అమ్మ ఆ మాట పైకి అనలేదు. నేనూ అనలేదు.

ఇంట్లో డీవీడీ ప్లేయర్ ఎప్పుడో మూలపడింది. నా ల్యాప్‌టాప్‌కి డిస్కు పెట్టే అరే లేదు. ఆఫీసులో ఓ మిత్రుడి దగ్గర యూఎస్‌బీ డ్రైవు అడిగి తెచ్చుకున్నా.

ముందు సినిమా డిస్కు పెట్టాను, చెయ్యి తిరుగుతుందని. వీఎల్‌సీలో చక్కగా ఆడింది. హమ్మయ్య అనుకుని, లోపలి ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి లాగి టీవీకి పెట్టాను. ఘటోత్కచుడు ఆకుపచ్చ గళ్లుగా ముక్కలైపోయాడు! మాయ అంటే ఇదే కాబోలు.

తర్వాత కూర్చుని చదివితే తెలిసింది. సినిమా డీవీడీలకు 1996 నుంచి ఓ తాళం వేస్తున్నారట. పేరు కంటెంట్ స్క్రాంబుల్ సిస్టమ్. బొమ్మనంతా కలగాపులగం చేసి, సర్దే తాళంచెవుల్ని డిస్కులోనే దాచి పెడతారు. అసలు తాళంచెవి ఉండేది మామూలు కాపీకి అందని చోట. ప్లేయర్ సరైన గుర్తు చెబితేనే డ్రైవు దాన్ని అందిస్తుంది. మనం ఫైళ్లు మాత్రమే లాక్కొస్తే తాళంచెవి అక్కడే ఉండిపోతుంది. ఇంటికి తాళం, ఊళ్లో చెవి అన్నమాట.

ఆ తాళం మూడేళ్లకే వీగిపోయింది. 1999లో నార్వేకి చెందిన జాన్ జొహాన్సన్ అనే పదిహేనేళ్ల కుర్రాడు, మరో ఇద్దరితో కలిసి దాన్ని విప్పే ప్రోగ్రామ్ బయటపెట్టాడు. లినక్స్ కంప్యూటర్లో డీవీడీ చూసుకోవడానికే అన్నాడు. కేసు పెట్టారు. తాను కొన్న సినిమా తాను చూసుకోవడం నేరం కాదంటూ 2003లో కోర్టు వదిలేసింది.

మన దగ్గర? కాపీరైట్ చట్టంలో 2012లో 65ఎ సెక్షన్ చేర్చారు. హక్కుల్ని దెబ్బతీసే ఉద్దేశంతో ఇలాంటి తాళం విప్పితే రెండేళ్ల దాకా జైలు, జరిమానా. చట్టం నిషేధించని పనికైతే ఈ శిక్ష వర్తించదు. ఆ పనికి ఇంకొకరు సాయం చేస్తే మాత్రం, చేయించుకున్నవాళ్ల పేరు, చిరునామా రాసి పెట్టుకోవాలి. అందుకే ‘మాకూ ఓ కాపీ పంపరా’ అని వాట్సాప్‌లో అడిగిన బావలకు దండం పెట్టేశాను. అమ్మకి ల్యాప్‌టాప్‌లోనే డిస్కు వేసి చూపించాను. చాలు.

ఇక పెళ్లి డిస్కులు. వీటికి తాళమూ లేదు, గొళ్లెమూ లేదు. ఒక్కోదాంట్లో ఓ పెద్ద ‘డాట్’ ఫైలు, అంతే. మొదటి రెండూ పది నిమిషాల్లో ఎక్కేశాయి. మూడోది సగంలో ఆగిపోయింది. అప్పగింతలున్నది దాంట్లోనే.

గుండె జారింది. బస్సెక్కి ఆదోని వెళ్లి ఆ స్టూడియో అన్నని పట్టుకున్నా. ఇప్పుడు డ్రోన్‌తో పెళ్లిళ్లు తీస్తున్నాడు.

‘‘అసలు టేపులుండాయా అన్నా?’’

‘‘యాడివి తమ్ముడూ! ఆ టేపుల మీదే ఇంకో నాలుగు పెండ్లిండ్లు తీసినాము.’’

డిస్కు తిప్పి వెలుగులో చూసి ఆయనే చెప్పాడు. సినిమా డిస్కు ఫ్యాక్టరీలో అచ్చు గుద్దింది. గుంతలు ప్లాస్టిక్‌లోనే ఉంటాయి. మన పెళ్లి డిస్కు కంప్యూటర్లో కాల్చింది. లోపల రంగు పూత మీద లేజర్ గీసిన రాత. ఎండకీ వేడికీ ఆ పూత మాసిపోతుంది. మన ఎండల సంగతి వేరే చెప్పాలా?

తిరుగు బస్సులో అదే ఆలోచన. 2007లో మోజర్ బేర్ వాళ్లు వీసీడీ 28 రూపాయలకీ, డీవీడీ 34కీ అమ్మడం మొదలుపెట్టాక సినిమా డిస్కు పల్లీల పొట్లంలా దొరికింది. ఎక్కడపడితే అక్కడ దొరికేదానికేమో అంత తాళం. ప్రపంచంలో ఒక్కటే కాపీ ఉన్న మా పెళ్లికేమో చీర ముక్క!

అన్న చెప్పినట్టే చేశాను. మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకి తుడిచాను, గుండ్రంగా కాదు. డ్రైవు వేగం తగ్గించాను. చదవలేని చోటుని వదిలి ముందుకెళ్లి, మళ్లీ వెనక్కొచ్చి ప్రయత్నించే సాఫ్ట్‌వేర్ పెట్టాను. రెండు రాత్రులు టిక్కు టిక్కుమంటూనే ఉంది. చివరికి నాలుగు నిమిషాలు తప్ప అంతా వచ్చింది. ఎంపీ4గా మార్చాను. వీసీడీ బొమ్మ 352 బై 288 చుక్కలే. మార్చినంత మాత్రాన తేటపడదు.

అమ్మా నేనూ కూర్చున్నాం. నాన్న వస్తున్నాడు, పోతున్నాడు, పెదాలు కదులుతున్నాయి. వినబడేది మాత్రం సినిమా పాట! అప్పటి పెళ్లి వీడియోలన్నీ అంతే కదా. మాటలు తీసేసి పాటలు అతికించేవారు. పాటనీ మాటనీ విడదీసే సాఫ్ట్‌వేర్లు ఇప్పుడున్నాయి గానీ, అసలు లేని మాటని ఎక్కణ్నుంచి తెస్తాయి?

అప్పగింతల దగ్గర ఒక పాట అయిపోయింది. రెండోది ఇంకా మొదలవలేదు. ఆ కాస్త సందులో అక్క తల మీద చెయ్యేసి నాన్న అన్నాడు...

‘‘ఏమ్మా, అన్నం తింటివా?’’

అంతే. మళ్లీ పాట.

అమ్మ ఏం మాట్లాడలేదు. కాసేపాగి, ‘‘ఇంగోసారి పెట్టు’’ అంది. మూడుసార్లు పెట్టాను. ఆ ముక్క బళ్లారిలో ఉన్న అక్కకి పంపితే, రాత్రి పదింటికి ఫోన్ చేసింది. ‘‘ఆరోజు నేను తినలేదురా. తిన్నానని అబద్ధం చెప్పినా’’ అంది.

ఇప్పుడా ఫైలు మూడు చోట్ల ఉంది. అక్క దగ్గర, నా దగ్గర, అమ్మ టీవీకి పెట్టిన పెన్‌డ్రైవ్‌లో. మీ బీరువాలోనూ చీరల కింద అలాంటి డబ్బా ఒకటి ఉండే ఉంటుంది. వచ్చే ఎండాకాలం దాకా ఆగకండి.