సున్నా అంటే లైన్ క్లియర్ కాదు

ఈసారి పోస్టు నీళ్ల పరీక్ష రిపోర్టు గురించి. కాస్త ఓపికతో చదవండి, ఇంట్లో పిల్లలున్నవాళ్లు మరీ ముఖ్యంగా.

మొన్న వేసవిలో ఇక్కడ నాందేడ్‌లో మా వీధి బోరు నీళ్లు పెట్రోలు వాసన కొట్టాయి. తలా కొంత వేసుకుని ఒక ప్రైవేటు ల్యాబుకు శాంపిల్ పంపాం. రిపోర్టులో బెంజీన్‌కి ఎదురుగా "కనిపించలేదు" అని వచ్చింది. నాలుగిళ్లవాళ్లు మళ్లీ ఆ నీళ్లే తాగడం మొదలుపెట్టారు. అందులో ఒక ఇంట్లో నెలలు నిండిన అమ్మాయి ఉంది.

నాకు మనసొప్పలేదు. హైదరాబాదులో కెమిస్టుగా పనిచేసే మా మేనకోడలికి రిపోర్టు వాట్సాప్ చేశాను. "మామయ్యా, పరీక్ష చేసినప్పుడు మంట వెలుగుతోందో లేదో అడిగారా?" అంది. ఏ మంటమ్మా అన్నాను. అప్పుడు విడమరిచి చెప్పింది.

ఈ పరీక్ష చేసే యంత్రం గ్యాస్ క్రొమటోగ్రాఫ్. చివర్లో ఉండే డిటెక్టర్లో సన్నని హైడ్రోజన్ మంట ఉంటుంది. బెంజీన్ లాంటివి అందులో కాలితే చిన్న కరెంటు పుడుతుంది, అదే కాగితం మీద శిఖరంగా కనిపిస్తుంది. 1950ల చివర్లో ఆస్ట్రేలియాలోనూ దక్షిణాఫ్రికాలోనూ విడివిడిగా కనిపెట్టారు దీన్ని. నీటికి ఆ మంట దాదాపు పలకదు. కాబట్టి నీళ్ల శాంపిల్‌కి మంచిదే అనిపిస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది. ఒక్క మైక్రోలీటరు నీళ్లు వేడికి ఆవిరైతే వెయ్యి రెట్లు ఉబ్బుతాయి. ఆ ఆవిరి లోపలి గాజు గొట్టంలో పట్టక వెనక్కి పొంగవచ్చు, ముందుకు పోయి మంటను ఆర్పేయనూవచ్చు. మంట ఆరితే గీత తిన్నగా వస్తుంది. శుభ్రమైన నీళ్లకూ గీత తిన్నగానే వస్తుంది!

ఇంకో సంగతి. నేను తమిళంలో చదువుకున్నాను. హైడ్రోజన్‌కి తమిళంలో నీరగం అనే పేరుంది, తెలుగులో ఉదజని. రెండింటిలోనూ నీళ్లున్నాయి. హైడ్రోజన్ కాలితే నీళ్లే పుడతాయి మరి. అందుకే డిటెక్టర్‌ని ఎప్పుడూ 150 డిగ్రీలకు పైనే ఉంచాలట, లేకపోతే లోపలే చెమ్మ పట్టి గీత వణుకుతుంది. మంట ఉందో లేదో చూడాలంటే పొగగొట్టం మీద చల్లని మెరిసే పానా పట్టుకుంటే చాలు. చెమ్మ పడితే వెలుగుతున్నట్టు. పడకపోతే ముందు హైడ్రోజన్ కట్టేయాలి, కాలని గ్యాస్ పోగైతే ప్రమాదం.

నీళ్లను నేరుగా ఎక్కించకుండా ఉండే పద్ధతి హెడ్‌స్పేస్. మూత బిగించిన సీసాలో నీళ్లు, ఉప్పు వేసి వేడిచేసి, పైన చేరిన గాలిని మాత్రమే యంత్రానికి ఇస్తారు. చారు రుచి చూడకుండా మూత తీసి వాసన పట్టినట్టు. తాగి బండి నడిపినవాళ్ల రక్తంలో మద్యం కొలిచేదీ ఎక్కువగా ఇలాగే. అక్కడ 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములు దాటితే కేసు.

రైల్వేలో రాత్రిపూట సిగ్నల్ దీపం ఆరిపోయి ఉంటే, అది అన్నిటికన్నా కఠినమైన సూచన చూపిస్తున్నట్టే లెక్క. దీపం లేదు కదా, దారి ఖాళీ అనుకుని ఎవరూ బండి పోనివ్వరు. నేను గుమాస్తానే, కానీ స్టేషన్‌లో ఈ మాట తెలియనివాడు ఉండడు. ల్యాబు రిపోర్టుకీ ఇదే లెక్క.

మేం రెండోసారి ఇంకోచోట హెడ్‌స్పేస్ పద్ధతిలో చేయించాం. బెంజీన్ కనిపించింది. లీటరుకు 0.01 మిల్లీగ్రాము మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, మాది దాటింది. ఆ రోజే బోరు ఆపేశాం.

కాబట్టి మీరు ఇలాంటి పరీక్ష చేయిస్తే మూడు మాటలు అడగండి. నీళ్లు నేరుగా ఎక్కించారా, హెడ్‌స్పేసా? మా శాంపిల్‌కి ముందూ వెనకా తెలిసిన మోతాదు కలిపిన నీళ్లు పెట్టి శిఖరం వచ్చిందని చూశారా? మీ యంత్రం ఎంత తక్కువ వరకు పట్టగలదు? శాంపిల్ మాత్రం గాజు సీసాలో, గాలి బుడగ లేకుండా అంచుదాకా నింపి, ఐసులో పెట్టి పంపండి. సగం సీసా పంపితే బెంజీన్ దారిలోనే గాలిలోకి పోతుంది. రిపోర్టు అర్థం కాకపోతే ఆదివారం సంఘం ఆఫీసుకు పట్టుకురండి, కూర్చుని చూద్దాం.