బొమ్మంతా ఒకేసారి దేనికి?



నా సంగతి మీకు తెలియనిదేముంది, రాత్రి భోజనాలయ్యాక కంప్యూటర్ ముందు కూర్చుంటే వేళ తెలియదు. ఈమధ్య నన్నలా కట్టిపడేసింది ఆండ్రోమెడా గెలాక్సీ.

హబుల్ టెలిస్కోపు తీసిన ఫొటోలను అతికించి, ఆ గెలాక్సీలో ఒక భాగాన్ని 2015లో పెద్ద బొమ్మగా విడుదల చేశారు, గుర్తుందా? వెడల్పు 69,536 పిక్సెళ్లు, ఎత్తు 22,230. జేపెగ్ ఫార్మాట్ ఏ వైపూ 65,535 పిక్సెళ్లు దాటనివ్వదు కాబట్టి ఆ బొమ్మ అందులో పట్టనే పట్టదు. నేను దించుకున్నది 40,000 పిక్సెళ్ల వెడల్పుకు కుదించిన ప్రతి. నా పాత ల్యాప్‌టాప్‌కి అదీ ఎక్కువే. ఫొటోలు చూసే మామూలు ప్రోగ్రాములో తెరిచానో లేదో ఫ్యాను రొద మొదలైంది, మౌసు బాణం బిగుసుకుపోయింది, కాసేపటికి తెర తెల్లబోయింది.

“ర్యామ్ ఎక్కువున్నది కొనుక్కోరాదూ” అంటారు మీరు. కొనొచ్చు. కానీ పిక్సెల్‌కి మూడు బైట్ల చొప్పున ఆ పూర్తి బొమ్మ విప్పితే 4.6 గిగాబైట్లు. 2022లో ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్‌మ్యూజియం పెట్టిన రెంబ్రాంట్ చిత్రం ‘నైట్ వాచ్’ ఫొటో ఏకంగా 717 గిగాపిక్సెళ్లు! దానికెంత ర్యామ్ కొంటాం చెప్పండి? నా తెర మీద పట్టేది ఇరవై లక్షల పిక్సెళ్లే కదా.

కిటుకంతా అక్కడే ఉంది. బొమ్మను సగానికి, మళ్లీ సగానికి కుదిస్తూ కొన్ని ప్రతులు చేసి, ఒక్కోదాన్నీ చిన్న చిన్న పలకలుగా కోసి పెడతారు. దీన్నే పిరమిడ్ అంటారు. మీరు చూస్తున్న చోటి పలకలు మాత్రమే తెర మీదికి వస్తాయి. మ్యాపులో మీ ఊరు వెతికేటప్పుడు జరిగేదీ ఇదే.

ఇలా బొమ్మలు చూపే ప్రోగ్రాముల్లో నాకు కుదిరింది విప్స్‌డిస్ప్. ఉచితం. పెద్ద బొమ్మను మొదట డిస్కు మీద విప్పి పెట్టుకోవడానికి కాస్త టైము తీసుకుంటుంది, ఆ తర్వాత ఎటు జరిపినా తడబడదు. అందులో ఆండ్రోమెడాను తెరిచి, ఎడమ చివర పసుపు రంగు కేంద్రం దగ్గర మొదలుపెట్టి కుడికి జరుపుకుంటూ వెళ్లాను. పసుపు పలచబడి, ధూళి చారల మధ్య నీలం గుంపులు తగిలాయి, అవి కొత్తగా పుట్టిన నక్షత్రాలు. దూరం నుంచి పాలపొగలా కనిపించేదంతా దగ్గరికి వెళ్తే విడివిడి చుక్కలే. చెబితే నమ్మరు, భోజనం చేసిన చెయ్యి కడుక్కున్నానో లేదో కూడా గుర్తులేదు!

శాటిలైట్ బొమ్మలతో కుస్తీ పట్టేవాళ్లయితే క్యూజీఐఎస్ అనే ప్రోగ్రాము చూడండి, అందులో లేయర్ ప్రాపర్టీస్‌లో పిరమిడ్లు కట్టుకునే పేజీ ఉంది. ల్యాబులో కణజాలం స్లైడ్లు స్కాన్ చేసే డాక్టర్లకు క్యూపాత్ అనే ప్రోగ్రాము ఉండనే ఉంది, అదీ ఉచితమే.

మీ దగ్గర మొండికేస్తున్న ఫైలేదైనా ఉంటే దాని పొడవు, వెడల్పు, రకం రాసి పంపండి, చూద్దాం. ఆండ్రోమెడాను మాత్రం మొబైల్ డేటా మీద దించకండి, ఆ రోజు కోటా అంతా దానికే చెల్లు.

ఉంటాను మరి,
మీ నేస్తం